ఆ నవ్వును నేను చదివిన తీరు

పత్రికలో ముప్ఫై ఏళ్లు పనిచేస్తే నాకు అబ్బిన విద్య ఒక్కటే, మొహం చూసి మనిషిని చెప్పేయడం అని నేను నమ్మేవాణ్ణి. నమ్మి ఊరుకోలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. డెస్కులో కూర్చుని రోజూ పదులకొద్దీ ఫొటోలు చూసి, ఒక్కోదాని కింద ఒక్కో వాక్యం రాయడం నా పనిలో భాగం. 'ఆగ్రహంతో ఊగిపోతున్న', 'విషాదంలో మునిగిన', 'ఆనందంలో తేలియాడుతున్న'. ఈ మూడు ముక్కలతోనే లోకంలోని మొహాలన్నిటినీ సర్దేశాను. ఒకసారి ఏదో సభలో చెంప పట్టుకుని కూర్చున్న పెద్దమనిషి ఫొటో కింద 'తీవ్ర ఆలోచనలో' అని రాశాను. మర్నాడు ఆయన తాలూకు మనిషి ఫోన్ చేసి, అయ్యగారికి ఆ పొద్దున పన్ను పీకారని చెప్పాడు. సవరణ వేయలేదు. పన్ను పీకించుకున్నవాడు ఆలోచించకూడదని ఎక్కడుందని వాదించాను.

రిటైరైన మొదటి ఏడాదంతా హఫీజ్‌పేట్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని, పొద్దున్నే వచ్చిన పేపరును ఎర్ర కలంతో దిద్దేవాణ్ణి. అచ్చయిపోయిన పేపరును దిద్దడం వల్ల లోకానికి ఒరిగేదేమీ లేదని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒకరోజు ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "ఏవండీ, మీరు బయటికెళ్లి ఏదైనా పని చూసుకోండి. లేకపోతే నేనే చూసుకుంటాను" అంది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డాక పాతికేళ్లలో ఆవిడ గొంతులో అంత నిబ్బరం నేను వినలేదు.

ఆ వారంలోనే ఒక ఫోన్ వచ్చింది. ఒకప్పుడు మా డెస్కులో నా పక్కన కూర్చుని వార్తలు దిద్దడం నేర్చుకుని, రెండేళ్లకే సాఫ్ట్‌వేర్‌లోకి దూకేసిన మనిషి అతను. ఇప్పుడు కొండాపూర్‌లో ఒక కంపెనీలో టీమ్ లీడ్. జుట్టు పల్చబడింది కానీ నన్ను గురువుగారూ అనడం మానలేదు.

"మొహాలు చదివే పని ఉందండి గురువుగారూ. మీకంటే ఎవరున్నారు?"

అంతకంటే తియ్యటి మాట ఆ ఏడాదిలో నాతో ఎవరూ అనలేదు. ఏ పని, ఎంతసేపు అని కూడా అడక్కుండా ఒప్పుకున్నాను.

ఆ పని ఇదీ. మనిషి మొహంలో ఏ భావం ఉందో యంత్రానికి నేర్పాలి. అందుకని ముందు మనుషులు చూసి చెప్పాలి. నాలుగో అంతస్తులో ఒక హాల్లో ముప్ఫైమంది కంప్యూటర్ల ముందు కూర్చుని, నాలుగైదు సెకన్ల వీడియో ముక్కలు చూసి, ఒక్కోదానికి ఒక పేరు పెట్టేవాళ్లు. పేర్లు ఏడే. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం, ఏమీ లేదు. వాటిని మేము డబ్బాలు అనేవాళ్లం. ఆ డబ్బాలు ఎక్కడో సముద్రాల అవతల ఎవరో తయారుచేసి పంపినవి. వాటిలో మొహమాటానికి చోటు లేదు. చిన్నబుచ్చుకోవడానికి లేదు. అలక్కి అసలే లేదు. అలాంటివి ఎదురైతే ఏం చెయ్యాలని మొదటి రోజున ఎవరో అడిగితే, దగ్గర్లో ఉన్న డబ్బాలో వేసెయ్యండని నేనే ధైర్యం చెప్పాను. మూడు డబ్బాలతో ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చినవాడికి ఏడంటే విలాసమే కదా.

ప్రతి ముక్కనూ ఇద్దరు చూసేవాళ్లు. ఇద్దరి మాటా ఒకటైతే సరే. తేడా వస్తే అది మూడోవాడి దగ్గరికి వచ్చేది. ఆ మూడోవాణ్ణి నేను. నా మాట ఎవరితో కలిస్తే వాళ్లది ఒప్పు. కలవనివాళ్లకి స్కోరు తగ్గేది. కొత్తగా చేరినవాళ్లకి మూడు నెలల గడువు. అప్పటికి స్కోరు ఒక గీత దాటకపోతే ఇంటికే. నాకు మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. దాన్ని కూరల దుకాణానికి కూడా వేసుకెళ్లానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. అది అబద్ధం. మర్చిపోయి తియ్యలేదు.

నా ఎడమపక్క వరసలో ఒక అమ్మాయి కూర్చునేది. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఒక పెద్ద బట్టల దుకాణంలో పనిచేసి ఇక్కడ చేరింది. శేరిలింగంపల్లి పక్కన ఒకప్పుడు ఊరుగా ఉండి, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల మధ్య రెండు వీధులుగా మిగిలిన చోట వాళ్ల ఇల్లు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకుని తింటూ ఆ అమ్మాయి పక్కమ్మాయితో అంటుంటే విన్నాను.

"ఇక్కడ పర్మనెంట్ కాకపోతే మళ్ల బట్టల దుకాణమే గతి. పది గంటలు నిలవడాలె. జర కూసుంటే కెమెరాల చూసి ఫోన్ చేస్తరు. రాత్రికి కాళ్లు వాచి చెప్పులు పట్టకపోతుండె."

"మరి స్కోరెట్లుంది నీది?"

"ఏముంది, సర్ దగ్గర ఓడిపోతున్న" అంది ఆ అమ్మాయి.

ఆ సర్ నేనే. ఆ మాట విని నాకు బాధ కలగాలి. నిజం చెప్పాలంటే, పని పద్ధతిగా చేస్తున్నానని తృప్తి కలిగింది.

ఆ అమ్మాయి మొహాలు చూసే తీరు నాకు పొసగేది కాదు. నేను కోపం అన్నచోట భయం అనేది. నేను సంతోషం అన్నచోట ఏమీ లేదు అనేది. ఒకసారి బోనాల ఊరేగింపు ముక్క వచ్చింది. ఒళ్లంతా పసుపు, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ, నడుముకు వేపరెమ్మలు, చేతిలో కొరడా. అమ్మవారి ముందు ఆడే పోతరాజు. కళ్లు పెద్దవి చేసి, పళ్లు బిగించి కెమెరా మీదికి వస్తున్నాడు. ఆ అమ్మాయి సంతోషం అని పెట్టింది. రెండో మనిషి కోపం అన్నాడు. ముక్క నా దగ్గరికి వచ్చింది. నేను కోపం అని నొక్కేసి, ఆ అమ్మాయి కుర్చీ పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"ఇది సంతోషం ఎలా అయిందమ్మా? ఆ కళ్లు చూడు."

"కోపం కాదు సర్. అమ్మవారు వచ్చినప్పుడు మొఖం గట్లనే అయితది. మా మేనమామ కడతడు పోతరాజు. పొద్దుగాల సంది ఉపాసముంటడు. ఆ దినం ఉన్నంత ఖుషీగ మా మామ ఇంకెన్నడు ఉండడు."

"మీ మామయ్య సంగతి కాదమ్మా. పాతికేళ్లు బోనాల వార్తలు దిద్దినవాణ్ణి నేను. ఏటా ఆషాఢంలో ఈ ఫొటో కింద ఉగ్రరూపం అని రాసింది నేనే. చూసి పెట్టాలి, ఊహించి పెట్టకూడదు."

ఆ అమ్మాయి తల కొంచెం దించి, నా మోచేతి వైపు చూస్తూ నవ్వింది. పళ్లు కనిపించేలా కాదు. కానీ నవ్వే.

నాకు ఒళ్లు మండింది. అది మొదటిసారి కాదు. తప్పు ఎత్తి చూపినప్పుడల్లా అంతే. నేను ఎంత గట్టిగా చెబితే నవ్వు అంత వెడల్పయ్యేది. మా ఇంట్లో పెద్దవాళ్లు తిడుతుంటే నవ్విన పాపానికి రెండో చెంప కూడా వాయించేవారు. మూతి బిగించి, నేల చూపులు చూస్తూ నిలబడితేనే బుద్ధిమంతుడు. అంచేత ఆ నెలాఖరున కొత్తవాళ్ల గురించి రాయమన్నప్పుడు ఆ అమ్మాయి పేరు ఎదురుగా రెండు వాక్యాలు రాశాను. 'తప్పు చెబితే నవ్వుతుంది. నేర్చుకోవాలన్న పట్టింపు లేదు.' రాశాక చదువుకుంటే పొందిగ్గా ఉన్నాయనిపించింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

తర్వాతి నెలలో పని ఇచ్చిన కంపెనీవాళ్లు కొత్త కోరిక కోరారు. సినిమాల్లోంచి, ఊరేగింపుల్లోంచి తీసిన ముక్కలు చాలవు, మామూలుగా పనిచేసుకునే మనుషుల మొహాలు కావాలి అన్నారు. ఇష్టమైనవాళ్లు సంతకం పెట్టాక, ఒక వారం పాటు మా కంప్యూటర్ల మీదే కెమెరాలు పెట్టారు. సాయంత్రం ఎవరి ముక్కలు వాళ్లు చూసుకుని, ఆ క్షణంలో తమకు ఏం అనిపించిందో పెట్టాలి. అదే అసలు జవాబు. తర్వాత ఆ జవాబు చూపించకుండా మిగతావాళ్లకు ఇస్తారు. మనిషి చెప్పిందీ, చూసినవాళ్లు చెప్పిందీ ఎంతవరకు కలుస్తాయో చూడటమే లెక్క.

శుక్రవారం మధ్యాహ్నం మా లీడ్ ఎనిమిది మందిని మీటింగ్ గదిలో కూర్చోబెట్టి, ముక్కల్ని పెద్ద తెర మీద ఒక్కోటీ వేసి జవాబులు విప్పాడు. మూడో ముక్కకే నేను వచ్చాను. మా పాత పత్రికలో ఆ రోజు ఎవరో మంచి శీర్షిక పెట్టారు. ఎన్నాళ్లకో ఒక మంచి శీర్షిక చదివి మనసు నిండిన క్షణం అది. నేను సంతోషం అని పెట్టుకున్నాను.

తెర మీద కనిపించిన మనిషి అప్పిచ్చి మోసపోయినవాడిలా ఉన్నాడు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. కింది పెదవి ముందుకు వచ్చి ఉంది. చూసిన ఏడుగురిలో అయిదుగురు కోపం అన్నారు. ఒకరు అసహ్యం.

"గురువుగారూ, ఇది సంతోషమా అండీ?" అన్నాడు లీడ్, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"శీర్షిక బాగుంది" అన్నాను.

గదంతా నవ్వింది. ఒక్కరు మాత్రం సంతోషం అని సరిగ్గా పెట్టారు. ఎవరని చూస్తే ఆ అమ్మాయి.

"నువ్వెట్లా కనిపెట్టావ్?" అని లీడ్ అడిగాడు.

"మా తాత గట్లనే అన్నా. కూర మంచిగుంటే మొఖం ఇంకింత గట్టిగ పెడ్తుండె. మంచిగ లేకపోతే నవ్వి లేచిపోతుండె."

మళ్లీ నవ్వులు. నేను కూడా నవ్వాను. కనీసం నవ్వాననే అనుకుంటున్నాను. ఇప్పుడు దేనికీ పూచీ పడలేను.

తర్వాతి ముక్కలో ఆ అమ్మాయి ఉంది. తల కాస్త వంచి నవ్వుతోంది. తెర అంచున ఒక మోచెయ్యి కనిపిస్తోంది. గళ్ల చొక్కా. అది నా చొక్కా. ఆ ముక్క నాకు వచ్చినప్పుడు మోచెయ్యిని గమనించలేదు. సంతోషం అని నొక్కి ముందుకు పోయాను. మిగతా ఆరుగురూ అదే అన్నారు. ఏడుగురం ఒకే మాట మీద ఉన్నామని చూసి లీడ్ సంబరపడి జవాబు విప్పాడు.

ఆ అమ్మాయి పెట్టుకున్నది భయం.

"తప్పు నొక్కినవా ఏందే?" అంది పక్కమ్మాయి.

"లేదు."

"మరి నవ్వుతున్నావు కదమ్మా" అన్నాడు లీడ్.

ఆ అమ్మాయి తెర మీది తన మొహం చూస్తూనే చెప్పింది. "పెద్దోళ్లు ఏమన్న అంటున్నప్పుడు ఏడిస్తే ఎదురు తిరిగినట్టు. మొఖం ముడుస్తే పొగరన్నట్టు. నవ్వుకుంట నిలవడు, అయిపోతది అని మా అమ్మ చిన్నప్పటి సంది చెప్పింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లీడ్ తర్వాతి ముక్క వేశాడు. అందులో ఎవరున్నారో నాకు గుర్తులేదు. గట్టిగా చెబితే నవ్వు వెడల్పయ్యేదని ఇందాక రాశాను కదా. ఆ వెడల్పు దేని కొలతో ఆ గదిలో కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇది ప్రాంతాల తేడానో ఇంటింటి తేడానో నాకు తెలియదు. మా ఇంట్లో చెంపదెబ్బ తెచ్చిపెట్టిన మొహమే వాళ్లింట్లో వినయం.

సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆవిడకు నా ముక్క సంగతి మాత్రమే చెప్పాను. రెండోదాని గురించి చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఇందులో కొత్తేముంది. పెళ్లిచూపులనాడు మీ మొహం చూసి, పిల్ల నచ్చలేదేమోనని మా నాన్న కాఫీలైనా ఇవ్వకుండా పంపించేద్దామన్నారు."

"నాకు నువ్వు బాగా నచ్చావు" అన్నాను.

"ఆ సంగతి పెళ్లయ్యాక ఎవరో చెబితే తెలిసిందండి."

మర్నాడు శనివారం, ఆ మర్నాడు ఆదివారం. సోమవారం పొద్దున్నే లీడ్ గదికి వెళ్లి, ఆ అమ్మాయి గురించి రాసిన రెండు వాక్యాలూ వెనక్కి తీసుకుంటానని చెప్పాను.

"అవి పైకి వెళ్లిపోయాయండి. బుధవారం నిర్ణయం. అయినా మీ నోట్ ఒక్కటే కాదు గురువుగారూ, స్కోరు కూడా గీత కిందే ఉంది."

"ఆ స్కోరు తగ్గించింది కూడా నేనే."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ తీర్పులు మీరే తిరగదోడొచ్చు. కానీ తిరగదోడినవన్నీ మీ తప్పులుగా పడతాయండి. ఎక్కువైతే మిమ్మల్ని ఆ కుర్చీలో ఉంచడం నా చేతిలో ఉండదు. ఆలోచించుకోండి."

ఆలోచించాను. అక్కడితో ఆగకుండా, ఆ కుర్చీ లేకపోతే మా ఆవిడకు ఏం చెప్పాలి, మెడలో కార్డు మారుస్తారా ఉంచుతారా అని కూడా ఆలోచించాను. ఒక పిల్ల పది గంటలు నిలబడే ఉద్యోగానికి తిరిగి వెళ్తుందా లేదా అన్నది తేలాల్సిన చోట నేను కార్డు గురించి ఆలోచించానని ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, నా పక్కన కూర్చుని పాత ముక్కలు నాతో కలిసి చూడాలని అడిగాను.

"ఎందుకు సర్? మళ్ల ఏమన్న తప్పయిందా?" అంటూ నవ్వింది.

"నాది" అన్నాను.

రెండు రోజులు కూర్చున్నాం. నేను ఓడించిన ప్రతి ముక్కనూ వేసి, ఎందుకలా పెట్టావని అడిగాను. అంతకుముందు ఒక్కసారి కూడా నేను ఆ మాట అడగలేదు. అడిగినట్టు వినిపించిన చోటల్లా మందలించాను. ఆసుపత్రి వరండాలో కొడుకును గదమాయిస్తున్న ముసలావిడ ముక్క వచ్చింది. నేను కోపం అన్నాను, ఆ అమ్మాయి భయం అంది.

"కొడుకు ఒంట్లో బాగలేదు సర్. మా దిక్కు అమ్మలు గట్లనే తిడతరు. ఎంత భయమైతే అంత తిడతరు."

మా దిక్కు కూడా అంతే. మా అమ్మా అంతే. అది నాకు తెలియంది కాదు. డబ్బా ముందు కూర్చుంటే గుర్తు రాలేదు, అంతే.

పోతరాజు ముక్క దగ్గర ఆగాం.

"ఎన్నడన్న దగ్గరికి వోయి చూసిండ్రా సర్?"

"లేదమ్మా. డెస్కుకి ఫొటోలు వచ్చేవి."

ఆ అమ్మాయి ముక్కను ఇంకోసారి వేసింది. ఆ ముక్కకు సంతోషం అన్న డబ్బా కూడా సరిపోదని తనే ఒప్పుకుంది. 'కోపం కాదు. ఇంతకుమించి నాకు తెలియదు' అని ముక్క కింద రాసి పెట్టాను. ఆ ఫొటో గురించి పాతికేళ్లలో నేను రాసిన వాటిలో తప్పులేని వాక్యం అదొక్కటే.

అన్నీ తిరగరాశానని కాదు. ఆ అమ్మాయి ఆశ్చర్యం అని పెట్టినాయన ఆవులిస్తున్నాడు. "గిది నాదే తప్పు సర్, వదిలెయ్‌రి" అంది. కొన్ని చోట్ల ఇద్దరమూ తప్పే. మంగళవారం సాయంత్రానికి స్కోరు గీత దాటింది, పెద్ద తేడాతో కాదు, బొటాబొటీగా. పైకి వెళ్లిన రెండు వాక్యాల నోట్‌కు జతగా నేను ఇంకో అరపేజీ రాశాను. నా నవ్వులేని మొహాన్ని ఆ ఏడుగురు ఎలా చదివారో, ఆ నవ్వును నేను ఎలా చదివానో అందులో చెప్పాను. శైలి అస్సలు బాగాలేదు. దిద్దకుండానే పంపాను.

బుధవారం మధ్యాహ్నం ఆ అమ్మాయిని పర్మనెంట్ చేశారు. గురువారం నన్ను మూడోవాడి కుర్చీలోంచి మొదటి ఇద్దరిలో ఒకడి కుర్చీలోకి మార్చారు. ఆ మాట చెప్పేటప్పుడు మా లీడ్ మొహంలో జాలి ఉందో ఊరట ఉందో, నా పాత అలవాటు కొద్దీ ఇట్టే తేల్చబోయి ఆపుకున్నాను. కుర్చీ మారితే కిటికీ పక్కకు వచ్చాను. కొండాపూర్ ట్రాఫిక్ అంతా కనిపిస్తుంది. అదొక లాభం.

నేను సొరుగులోంచి సామాన్లు సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. తల కొంచెం వంచింది. నవ్వుతోంది. అదే నవ్వు. ఇది కృతజ్ఞత అని, లేదు సంతోషం అని, కాదు ఇంకా భయమేమో అని మూడు క్షణాల్లో మూడు శీర్షికలు నా బుర్రలో తయారైపోయాయి. పెట్టడానికి ఫొటో కింద చోటు లేదు కాబట్టి అడిగాను.

"ఇప్పుడేమనిపిస్తోందమ్మా?"

"నిజం చెప్పాల్నా సర్?"

"చెప్పు."

"కోపం."

"నా మీదేనా?"

"ఇంకెవరి మీద ఉంటది సర్. నెల సంది ఉంది. ఉద్యోగం వోతే ఎట్లని చెప్పలే." నవ్వు అలాగే ఉంది. "మీరు ముందే అడిగి ఉంటే అయిపోతుండె కదా."

అవును అన్నాను. క్షమించమని అడిగాను. ఆ అమ్మాయి దానికి సరే అనలేదు, వద్దు అనలేదు. కోపం పోవడానికి ఎన్నాళ్లు పడుతుందని నేను అడిగిన పిచ్చి ప్రశ్నకు ఆలోచించి మరీ జవాబు చెప్పింది.

"రేపటికి పోతదేమో సర్."

మర్నాడు అడిగాను. ఇంకో నాలుగు దినాలు పట్టేటట్టుంది అంది.